ఆది జాకెట్టు

చక్రం తిరగని కుట్టుమిషన్ని ఎవరైనా కొంటారా? మధులిక కొన్నది. అమ్మిన ముసలావిడ మంచి మనిషి, ముప్పై ఏళ్లుగా ఎవరూ ముట్టుకోలేదని, బిగుసుకుపోయిందని ముందే చెప్పింది. "పరవాలేదు" అంది మధులిక. ఆ మాట ఆమెకి ఫిబ్రవరి నుంచీ అలవాటైపోయింది. ఎడమ రొమ్ము తీసేయాలని సర్జన్ చెప్పినప్పుడూ అదే అంది. హాస్పిటల్ కార్ పార్కులో భర్త మనోజ్ భోరుమంటుంటే టిష్యూ అందిస్తూ అదే అంది. తనకి మాత్రం ఏడుపు రాలేదు. ఇంగ్లండులో వాళ్లుండే ఊరు మిల్టన్ కీన్స్. దారిపొడుగునా అక్కడి రౌండబౌట్లు లెక్కపెట్టుకుంటూ ఇంటికొచ్చింది.

తెనాలిలో ఉన్న తల్లి నాగేశ్వరికి ఆపరేషన్ సంగతి తెలియదు. మధులిక మూడుసార్లు చెప్పబోయింది. మూడుసార్లూ ఆవకాయ ముచ్చట దగ్గరే మాట ఆగిపోయింది.

ఇంతలో తమ్ముడు తేజకి పెళ్లి కుదిరింది. "ఐదు జాకెట్లు కుట్టించాలే నీకు! ఆది జాకెట్టు పంపు" అంది నాగేశ్వరి ఫోన్లో. కొలత కోసం దర్జీకిచ్చే ఆ ఒక్క జాకెట్టు, కూతురు ఎంత దూరాన ఉన్నా ఆమె ఒంటి సంగతంతా పుట్టింటికి చేరేస్తుంది. ఒళ్లు చేసినా దొరికిపోతుంది, చిక్కినా దొరికిపోతుంది. నోటితో చెప్పలేనిది జాకెట్టుతో చెప్పొచ్చని మధులికకి అప్పుడే తట్టింది. కాకపోతే అది తనే కుట్టుకోవాలి. టేపు పట్టుకున్న పరాయి మనిషి ముందు నిలబడటం ఆమె వల్ల కాదు. కరెంటు మిషను కొందామన్నాడు మనోజ్. ఆమె చిన్నప్పుడు నేర్చుకున్నది చేతిమిషను మీద. అదే కావాలంది.

కిచెన్ టేబుల్ మీద పాత దుప్పటి పరిచి మిషను పెట్టుకుంది. ఎప్పటి నూనో గోధుమరంగు బంకలా గట్టిపడి ప్రతి కీలునీ పట్టేసింది. హెయిర్ డ్రయర్‌తో వేడిచేసి, టూత్‌బ్రష్‌తో రుద్ది, చుక్కచుక్కగా కొత్త నూనె పోసింది. మొదటిరోజు కదల్లేదు. రెండోరోజూ కదల్లేదు. ఇంకొకరైతే విసుక్కునేవాళ్లే. విసుక్కోవాలన్నా మనసులో కాస్త చలనం ఉండాలి కదా! నాలుగోరోజు చక్రం అంగుళం తిరిగింది. మనోజ్ చప్పట్లు కొట్టాడు. ఆమె ఇంకో చుక్క నూనె పోసింది.

దారం తెగకుండా కుట్టుపడటానికి మరో వారం పట్టింది. పాత జాకెట్టు కుట్లు విప్పి, దాన్ని అచ్చుగా పెట్టుకుని, తన ఒంటికి తగ్గట్టు తెల్లగుడ్డ కత్తిరించింది. కుడివైపు రొమ్ము ఎత్తుకి తగ్గట్టు గుడ్డ మడిచి కుట్టిన మూడు టక్కులు. ఎడమవైపు చదును. అద్దం ముందు తొడుక్కుని గుండుసూదులు పెట్టుకుంటుంటే ఎడమవైపు గుడ్డ మీద ఎర్రచుక్క కనిపించింది. సూది ఒంట్లోకే దిగింది. ఆమెకి తెలియనే లేదు. అక్కడ స్పర్శ ఉండదని నర్సు చెప్పింది గానీ, మరీ ఇంతని అనుకోలేదు. చన్నీళ్లతో మరక కడిగి, ఆరబెట్టి, మళ్లీ కుట్టడానికి కూర్చుంది.

జాకెట్టు సరిగ్గా సరిపోయింది. ఆపరేషన్ అయ్యాక ఆమె ఒంటికి అతికినట్టు కుదిరిన మొదటి బట్ట అదే. తెలిసినవాళ్లు గుంటూరు వెళ్తుంటే వాళ్ల చేతికిచ్చి పంపింది. ఇక అమ్మకి తెలిసిపోతుంది, తనేమీ చెప్పక్కర్లేదు అనుకుని నిశ్చింతగా కూర్చుంది.

మూడు వారాలకి నాగేశ్వరి వీడియో కాల్ చేసింది. మొహం వెలిగిపోతోంది.

"మిషను కొన్నావంటే సంబరపడ్డా గానీ, ఇదేం కుట్టే తల్లీ! ఎడమవైపు టక్కులే మర్చిపోయావు. మన టైలర్ రమణ ఒకటే నవ్వు. కుడివైపు చూసుకుని రెండువైపులా సమానంగా సరిచేసి కుట్టేశాడులే. ఇదిగో, చూడు."

ఒక్కొక్క జాకెట్టూ కెమెరా ముందు పట్టుకుంది. చిలకపచ్చ, మెరూన్, నేరేడుపండు రంగు... అన్నీ చక్కగా కుదిరిన జాకెట్లే. చూపించినదాన్నల్లా ఒళ్లో పరిచి, అరచేత్తో నిమిరి మడతపెడుతోంది.

బావున్నాయమ్మా అనేస్తే సరిపోయేది. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఆ నిమిరే చేతిని చూస్తుంటే మధులికకి భయమేసింది. పెళ్లిలో ఈ చేత్తోనే తన పైట సర్దుతుంది.

"రమణ సరిచేయాల్సింది కాదమ్మా," అంది. "నేను మర్చిపోలేదు. ఇప్పుడు నా కొలత అదే."

నాగేశ్వరి పక్కనున్న తెల్ల జాకెట్టు తీసి, ఎడమవైపు వేళ్లతో తడిమి చూసింది. కళ్లజోడు తీసేసింది. ఎప్పుడని గానీ, ఎందుకు చెప్పలేదని గానీ అడగలేదు.

"నొప్పిగా ఉందా అమ్మా?" అంది.

"లేదమ్మా. అక్కడేమీ తెలియడం లేదు," అంది మధులిక, వెక్కి వెక్కి ఏడుస్తూ.