పాత బోటుకు విలువ కట్టిన రోజు

“సంచిలో సుత్తి పెట్టావా?” గుమ్మం దగ్గర్నుంచి ఆయన కేక. పెట్టాను. టార్చి, టేపు, ఆయన కళ్లజోడు, ఆయన బీపీ మాత్ర, ఆయన చేతులు తుడుచుకునే తువ్వాలు కూడా పెట్టాను. పాత బోట్లకు విలువ కట్టడం మా ఆయన వృత్తి. ఆ విలువ తేల్చేది మాత్రం నేను. ఈ సంగతి మా ఇద్దరికే తెలుసు. మేమిద్దరం కూడా ఎప్పుడూ పైకి అనుకోలేదు.

ఇరవై ఏళ్లు ఇంజను గదుల్లో పనిచేసి ఆయన చెవులు పాడయ్యాయి. ఎదుటివాళ్లు గట్టిగా మాట్లాడితే పెదాలు చూసి నెట్టుకొస్తారు గాని, చెక్క పలికే తేడా వినపడదు. పాత బోటు ప్రాణమంతా అడుగు చెక్కలోనే ఉంటుంది. సుత్తితో తడితే గట్టి చెక్క టక్కుమంటుంది, లోపల పుచ్చిన చెక్క దబ్బుమంటుంది. పదకొండేళ్లుగా వంగి, పాకి, మోకాళ్లు గీరుకుని తట్టేది నేను. బాగుంటే ఒక వేలు, పుచ్చితే రెండు వేళ్లు చూపిస్తాను. ఆయన గడ్డం నిమురుకుని అంకె చెబుతారు. “మా వాడు కంటిచూపుతోనే అంచనా వేసేస్తాడు” అని మా అత్తగారు వచ్చినవాళ్లందరికీ చెప్పుకుంటారు. మరి వదినెందుకు వెంట అని ఆడపడుచు ఒకసారి అడిగింది. “ఇంట్లో ఉండి మాత్రం ఏం చేస్తుందిలే, సంచి మోస్తుంది” అన్నారావిడ. నేనప్పుడు అంట్లు తోముతున్నాను. మొదట్లో అలాంటి మాటలకు ఒళ్లు మండేది, తర్వాత్తర్వాత నవ్వొచ్చేది.

ఆ రోజు బోటు ఇరవై ఆరేళ్లది. గట్టు మీదకు లాగి ఉంచారు. అమ్మేది మా ఆయన స్నేహితుడు. కొనేది ఒక వ్యాను డ్రైవరు, అతని భార్య. వ్యాను అమ్మేసి, ఆ బోటులో జనాన్ని అవతలి గట్టుకు దాటించి బతకాలని వాళ్ల ఆశ. బోటు కొత్త రంగుతో మెరిసిపోతోంది. అంత కొత్త రంగు చూస్తేనే నాకు అనుమానం. ఇంజను కింద తట్టాను, దబ్బుమంది. పక్కన తట్టాను, మళ్లీ అదే. జానెడు కాదు, బారెడు మేర పుచ్చిపోయింది. రెండు వేళ్లు చూపించాను. ఆయన చూశారు. చూసి, ముఖం తిప్పుకుని, “చెక్క ఉక్కులా ఉంది. అడిగిన ధరకు కళ్లు మూసుకుని తీసుకోండి” అన్నారు.

డ్రైవరు భార్య నా వైపు తిరిగింది. “తట్టి చూసింది మీరు కదక్కా. మీరేమంటారు?”

“ఆవిడకేం తెలుసమ్మా” అన్నారు మా ఆయన.

ఇన్నేళ్లలో ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. భయమేస్తుందనుకున్నాను, వేయలేదు. నాకు తెలుసు. తెలిసింది చెప్పడానికి ఇంతకాలం పట్టినందుకు మాత్రం సిగ్గేసింది. సుత్తి ఆమె చేతికిచ్చాను. “ముందు ఈ చివర తట్టు. ఇప్పుడు ఇంజను కింద తట్టు.” ఆమె తట్టింది. రెండో దెబ్బకు స్నేహితుడు నేలచూపులు చూశాడు. అక్కడున్న అందరికీ వినిపించింది. మా ఆయన ఒక్కరే నవ్వుతూ, “చూశారా, ఉక్కు” అన్నారు.

నాకు మనసు చివుక్కుమంది, అబద్ధమెందుకు. అయినా ఆగలేదు. “అడుగంతా మార్చాలి. ఆ ఖర్చు పోతే, అడిగినదాంట్లో మూడో వంతు కూడా చేయదు. అడుగు మార్చకుండా ఇందులో జనాన్ని ఎక్కించొద్దు” అన్నాను.

ఇంటిదారిలో ఆయన, “నలుగురిలో నా పరువు తీశావు” అన్నారు. నాలుగడుగులు వేసి, “వచ్చేటప్పుడు ఆ అమ్మాయి నీతో ఏమంది?” అని అడిగారు.

“ఎల్లుండి ఇంకో బోటు చూడ్డానికి రమ్మంది. నన్నొక్కదాన్నే. వస్తానన్నాను.”

“మరి నేనో?”

వీధి మధ్యలో ఆగాను. మా ఇంట్లో ఇంతవరకూ ఎవరూ అనని మాటను, ఆయనకే కాదు, దుకాణాల ముందు నిలబడ్డవాళ్లకు కూడా వినపడేంత గట్టిగా అన్నాను.

“మీరు చెవుల డాక్టరు దగ్గరికి వెళ్లండి.”