పద్మిని బడి

పద్మినిని వెంటనే ఇంటికి తీసుకెళ్ళమని బరంపురంలోని హల్దియాపదర్ బడి నుంచి అపర్ణకు ఫోనొచ్చింది. వెళ్ళేసరికి ఐదేళ్ళ కూతురు బెంచీ కింద దూరి, చెవులు మూసుకుని ఏడుస్తోంది. పిల్లలంతా ఒక్కసారిగా ఎక్కాలు అరిచేసరికి తట్టుకోలేకపోయింది. పద్మినికి ఆటిజం అని, అందరూ దిదీ అని పిలిచే హెడ్‌మిస్ట్రెస్ సస్మితకు బడిలో చేర్చిన రోజే అపర్ణ చెప్పింది. అయినా, మిగతా తల్లిదండ్రులు ఊరుకోవడం లేదనీ, భువనేశ్వర్‌లో ఇలాంటి పిల్లలకు వేరే బడి ఉందనీ ఆవిడ నచ్చజెప్పబోయింది.

అపర్ణ వినలేదు. ఆ తల్లిదండ్రుల్ని పిలిపించమంది, వాళ్ళతో తనే మాట్లాడతానంది.

భర్త సాయిరామ్ కొట్టు మూసి తోడొస్తానన్నాడు. అత్త సత్యవతి మాత్రం మండిపడింది. చుట్టాలొస్తే మనవరాలిని పెరటి గదిలో కూర్చోబెట్టే మనిషి ఆవిడ. బరంపురంలో తాతలనాటి వ్యాపారం మనది, ఇంటి గుట్టు బజారున పెడతావా అని నిలదీసింది.

శనివారం తల్లిదండ్రులతో బడి గది నిండిపోయింది. ఈ పిల్ల వల్ల మా పిల్లల చదువు పాడవుతోందని ఒకాయన లేచాడు. అపర్ణ వాళ్ళ ముందుకొచ్చి నిలబడింది. అది పెంకితనం కాదనీ, గోల దాని చెవులకు దెబ్బలా తగులుతుందనీ చెప్పింది. తలుపు పక్కన చోటిచ్చి, ఎక్కాలు మొదలెట్టే ముందు కాసేపు బయటికి పంపితే చాలంది. ఇలాంటి పిల్లల్ని బడి కాదనకూడదని చట్టమే ఉందన్నాడు సాయిరామ్.

మనవరాలిది పెంకితనం కాదని అప్పుడే తెలిసినట్టు, వెనక నుంచి సత్యవతి లేచింది. ఆవిడ వచ్చినట్టు అపర్ణకే తెలీదు.

"దిదీ, ఓ నెల్లాళ్ళు నానొచ్చి ఆ తలుపుకాడ కూకుంటాను. అల్లరైతే నన్నడగండి. మా పద్మినిని మాత్రం ఎల్లిపొమ్మనకండి."

మా పద్మిని అని అత్త పదిమందిలో అనగా అపర్ణ ఎన్నడూ వినలేదు. కళ్ళు నిండిపోయాయి.

సస్మిత ఆ పెద్దావిడ వంక కాసేపు చూసి, సోమవారం నుంచి పంపమంది. ఫిర్యాదు చేసినాయన ముఖం ముడుచుకున్నాడు గానీ, కాదనలేదు.

అందరూ లేస్తుంటే విజయకుమారి అనే ఆవిడ అపర్ణ చెయ్యి పట్టుకుంది. పెద్దకొడుకు ఈ బడిలోనే ఉన్నాడట. చిన్నవాడు పద్మిని లాంటివాడే, ఇంతవరకూ ఏ బడి గుమ్మమూ ఎక్కలేదట.

"మావోణ్ణీ తేవొచ్చేటమ్మా?"

అపర్ణ ఆ చెయ్యి వదలకుండా సస్మిత దగ్గరికి నడిపించుకెళ్ళింది.

"దిదీ, ఇంకో పిల్లోడున్నాడు. ఆణ్ణి కూడా సేర్సుకోవాల."

సస్మిత ఈసారి ఆలోచించలేదు. వాణ్ణీ సోమవారమే తీసుకురమ్మంది.

ఆ కబురు మొగుడికి చెప్పాలన్న తొందరలో విజయకుమారి చెప్పులు గుమ్మంలోనే వదిలేసి వెళ్ళిపోయింది. అపర్ణ వాటిని చేత్తో పట్టుకుని, నవ్వుతూ వెనకాలే పరుగెత్తింది.