పక్కన ఖాళీ ఉన్న మొక్క

పెద్ద శాస్త్రవేత్త లస్మినీ కన్ను పడిందంటే ఆ సోయా మొక్కకు తిరుగులేదని మలంగ్ ఊరి దగ్గరి ఆ పరిశోధన క్షేత్రంలో అందరూ అనేవారు. ఆవిడా కాదనేది కాదు. ప్రతి తరంలోనూ చేనంతా తిరిగి, నిండుగా కాసిన మొక్కలకే రిబ్బను కట్టి, వాటి గింజలే మళ్లీ నాటించేది. కుర్ర శాస్త్రవేత్త దామర్ పద్ధతి వేరు. మంచీ చెడూ చూడకుండా ఒక్కో మొక్క నుంచి ఒక్కో గింజ తీసి నాటుకుంటూ పోయి, ఎంపికంతా చివరికి పెట్టుకునేవాడు.

"గుడ్డివాడి సేద్యం నాయనా నీది! దేవుడు కళ్లెందుకిచ్చాడో!" అని ఆవిడ నలుగురిలో వెక్కిరించేది.

"మీ కన్ను నాకు లేదు కదమ్మా," అని నవ్వేసేవాడు.

ఈసారి ఇద్దరి రకాలనూ పక్కపక్కనే వేశారు. గెలిచిన పద్ధతే ఇక ముందుకు సాగుతుంది, రెండోది ఆగిపోతుంది. తూకం వేస్తే దామర్ గింజలే బాగా ఎక్కువ తూగాయి.

ఫలితం తేల్చే రోజు పులియబెట్టిన సోయా గింజల అచ్చును ముక్కలు కోసి వేయించిన తెంపే పళ్లెం మధ్యలో ఉన్నా ఎవరూ ముట్టలేదు. అందరూ లస్మినీ మొహం చూడకుండా ఉండడానికి నానా తంటాలూ పడుతున్నారు. చివరికి దామరే గొంతు సవరించుకున్నాడు.

"అమ్మగారి మళ్లలో ఎలుకలు పడ్డాయి సార్. ఈ లెక్క కొట్టేద్దాం. పాత పద్ధతే సాగనివ్వండి."

ఎలుకలు పడలేదు. అది వాడికీ తెలుసు, ఆవిడకీ తెలుసు.

"అంతేనా లస్మినీ?" అన్నాడు క్షేత్రం అధికారి, పెద్దాయన సుటోపో.

ఆవిడ తలూపింది. ఊపిన మరుక్షణం సిగ్గుతో చచ్చిపోయింది.

బయటికొస్తే దామర్ వెంటే వచ్చాడు. "అమ్మా, ఆ కన్నేదో నాకూ నేర్పండి." వేళాకోళం కాదు, మనసారా అడిగాడు. ఆవిడకు ఎక్కడైనా దాక్కోవాలనిపించింది.

వాణ్ణి కొత్త పంట దగ్గరికి తీసుకెళ్లింది. తను రిబ్బను కట్టిన మొక్కను చూపించింది.

"ఎలా ఉంది?"

"బ్రహ్మాండంగా ఉందమ్మా!"

"దాని పక్కన చూడు."

పక్కన గింజ మొలవలేదు. జానెడు నేల ఖాళీ. తరవాతి రిబ్బను పక్కనా ఖాళీయే. ఆ తరవాతదీ అంతే.

"పక్కదాని ఎండా నీళ్లూ కూడా ఇదే మింగి బలిసింది. అందులో దీని గొప్పేం లేదు. తూకాలయ్యాక వచ్చి చూస్తే తెలిసింది, ఇన్నేళ్లూ నేనేం ఏరానో."

దామర్ ఆ ఖాళీని చూశాడు, ఆవిణ్ణి చూశాడు, తప్పు తనే చేసినట్టు తల దించుకున్నాడు. ఆ చూపే ఆవిడ తట్టుకోలేకపోయింది.

గిరుక్కున తిరిగి ఆఫీసుకు నడిచింది. లోపల అందరూ కుదుటపడి, కబుర్లాడుకుంటూ తెంపే తింటున్నారు. ఆవిడ గుమ్మంలోనే ఆగి, తల ఎత్తకుండానే అంది:

"ఎలుకలు పడలేదు సార్."