కిరోసిన్ జాగాలో ఎవరు?

నేను ఒక గాజు గొట్టాన్ని. వెంట్రుక కంటే కాస్త లావు, బారెడు పొడవు. లోపల సన్నటి పూత పూసి, చుట్ట చుట్టి, హైదరాబాదులో నేరాల కేసులు చూసే ఒక ల్యాబుకు నన్ను అమ్మారు. అక్కడ ఓవెన్‌లో నాకు కాపురం.

నా ముందు ముప్పై మీటర్ల పొడవున్న ఇంకో గొట్టం, మా అన్న, ఉంటాడు. పరీక్షకొచ్చినదాంట్లో ఏది ముందు ఆవిరవుతుందో చూసి వరుసలో పంపుతాడు. మా మధ్యలో కాపలా ఒకటి. వచ్చినదాన్ని చల్లగాలితో ఆపి, వేడిగాలితో ఒక్కసారిగా నా మీదికి తోస్తుంది. అన్న విడదీయలేనివాటిని నేను విడదీయాలి. కిరోసిన్ నన్ను అంటకుండా పరుగెత్తుతుంది. అత్తరు నూనెలు నా పూతకు అతుక్కుంటాయి. వాటిని వదిలించుకునేలోపే ఇంకో విడత వచ్చి పడుతుంది. తీరికన్నది లేదు.

కాలిపోయిన అగరుబత్తుల గోడౌన్ బూడిద ఆ రోజు ల్యాబుకు వచ్చింది. కిరోసిన్ పోసి తగలబెట్టాడని వాచ్‌మన్ మైసయ్యను జైల్లో పెట్టారు. మర్నాడు బెయిలు విచారణ. సాయంత్రానికి రిపోర్టు కావాలి.

నాలోంచి బయటపడిన సమయాన్ని బట్టి ఒక్కోటి ఒక్కో చోట మచ్చగా కనిపించే కంప్యూటర్ తెర మీద, కిరోసిన్ ఉండే చోట మచ్చలు వెలిగాయి.

"ఇంకేం చూస్తున్నవమ్మా ఝాన్సీ? కిరోసినే. రాసి పంపియ్," అన్నాడు పెద్దాఫీసరు గంగారాం, మా మిషన్ నడిపే అమ్మాయితో.

"ఆగుండ్రి సార్. ఉరికొచ్చిన మచ్చ సన్నగుండాలె గదా. ఇవి దోసె పోసినట్టు ఎట్ల పర్సుకున్నయో చూడుండ్రి."

"మనిషి జైల్ల ఉన్నడు, నువ్వు దోసెలంటవేంది!"

"అందుకే అంటున్న సార్. ఇవి ముందొచ్చినయి కావు. పోయిన విడతల లేటై, ఈ విడతల కిరోసిన్ జాగల పడ్డయి. గొట్టం మస్తు పొడుగైంది."

పొడుగ్గా ఉంటే ఇంకా బాగా విడదీస్తుందని నన్ను పెట్టించింది గంగారామే. ఎక్కువంటే మేలని మనుషులకు ఎందుకో అంత నమ్మకం!

ఝాన్సీ ఓవెన్ చల్లార్చి, పింగాణీ బిళ్లతో గీత గీసి, నన్ను టప్పున విరిచింది.

మీతో మాట్లాడుతున్నది ఆ విరిగిన ముక్కే. గాజు చెత్త డబ్బాలోంచి చూస్తున్నాను. ఓవెన్‌లో మిగిలిన పొట్టి సగం పనిలో పడింది. ఝాన్సీ గోళ్లు బల్ల మీద టకటకలాడుతున్నాయి. పోలీసుల ఫోన్ మోగుతోంది. గంగారాం ఎత్తడం లేదు.

"మచ్చలు వాటి జాగలకు వచ్చినయి సార్! అన్నీ అత్తరు నూనెలే. కిరోసిన్ జాగ ఖాళీ!"

గంగారాం కళ్లద్దాలు తుడుచుకుని తెర మీదికి వంగాడు.

"రాయ్ బిడ్డా. కిరోసిన్ లేదని రాయ్. పొడుగు గొట్టం నేనే పెట్టించినని గూడ రాయ్."

ఎవరో డబ్బా మూత వేశారు. చీకట్లో ప్రింటరు కదిలిన చప్పుడు విన్నాను.