కలమాన్సీ పులుపుకు పోయిన ముద్ర

వచ్చేటప్పుడు నా దగ్గరున్నవి మూడే, జేబులో నాలుగు కలమాన్సీ నిమ్మకాయలు, చర్చి సిస్టర్ లిగాయా నేను చదవాలని రాసిచ్చిన కాగితం, జైలు గేటు దగ్గర ఎడమ మణికట్టు మీద వేసిన నీలం ముద్ర, ఇప్పుడు కాయలు పిప్పయ్యాయి, కాగితం చదివేశాను, ముద్ర లేదు, ముద్ర లేని సందర్శకుడు బయటికి పోవడానికి లేదట, అందుకే ఇలోయిలో పట్నం అంగట్లో ముప్పై ఏళ్లుగా ఎండుచేపలు అమ్ముకుంటున్న నేను, నేరం చేసినవాణ్ణి కాదు, నేరం ఎవరిమీద జరిగిందో ఆ మనిషిని, ఈ జైలు బాస్కెట్‌బాల్ కోర్టులో ఖైదీల పసుపు చొక్కాల వరసలో గొంతుకూర్చుని ఉన్నాను, అంతా ఈ చేతుల వల్ల, చేపల వాసన సబ్బుకు లొంగదు, మా అంగట్లో ఎవరితోనైనా చెయ్యి కలపాలంటే ముందు కలమాన్సీ పిండి రుద్దుకుంటాం, పెళ్లికైనా చావుకైనా, సిస్టరేమో చివర్లో మీరూ ముద్దాయీ ఇద్దరూ చేతులు కలపాలి తెర్యో గారూ, మరిచిపోకండి అని పదిసార్లు చెప్పింది, సరే కదా అని కుళాయి దగ్గర నాలుగూ పిండి మోచేతుల దాకా రుద్దాను, సిరా కూడా పోతుందని ఎవడికి తెలుసు, గేటు దగ్గర గార్డు నా చెయ్యి తిప్పి తిప్పి చూసి, ఇదేంటి పెద్దాయనా, పొలుసు గీకినట్టు గీక్కున్నావు అన్నాడు, నేను బాధితుణ్ణయ్యా అంటే, లోపలున్న వెయ్యిమందీ అదే మాటంటారు, పోయి తలల లెక్కలో కూర్చో అన్నాడు, నన్ను వదలమనే కాగితం మీద జైలరు సంతకం కోసం సిస్టర్ పరిగెత్తింది, జైలరు భోజనానికి పోయాడట.

భోజనానికి పోయాడట, ఈ మాట ఎన్నిసార్లు విన్నాను, నాలుగేళ్లలో ఇరవై రెండు వాయిదాలు, జడ్జిగారు సెలవు, వకీలు బదిలీ, తుపాను, సాక్షి రాలేదు, సాక్షి వచ్చాడు ఫైలు రాలేదు, ప్రతిసారీ దుకాణం మూసి ఇస్త్రీ చొక్కా వేసుకుని పోయి వెనక బెంచీ మీద కూర్చోవడం, ఒక్కసారి లేచి అయ్యా, నాదొక ప్రశ్న అంటే, కూర్చోండి, ఇది ప్రభుత్వానికీ ముద్దాయికీ మధ్య కేసు అన్నారు, పొడిచింది ప్రభుత్వాన్నా నన్నా, మధ్యాహ్నం అంగడంతా కునుకు తీసే వేళ, నా దగ్గర ఆరేళ్లు బస్తాలు మోసిన డెల్ఫిన్ నా కాటా ఎత్తుకుపోతుంటే చూశాను, కొట్టలేదు, పట్టుకోలేదు, పక్కకు జరిగి దారి కూడా ఇచ్చాను, అయినా బల్లమీది చేపల కత్తి తీసి నా ఎడమచేతిని పొడిచాడు, రెండు వేళ్లు ఇప్పటికీ మొద్దే, చేప ఎండిందో లేదో కుడిచేత్తోనే చూసుకోవాలి, దారి ఇచ్చాక ఎందుకు పొడిచావురా, నాకు కావలసింది ఇదొక్కటే, నాలుగేళ్లుగా ఇదొక్కటే.

చర్చివాళ్లయినా అడగనిస్తారనుకున్నాను, వాళ్లకు నా క్షమ కావాలి, ఆదివారం పూజలో మైకు ముందు నిలబడి చెప్పాలట, విచారణ కోసం ఏళ్లతరబడి మగ్గేవాళ్లనూ దెబ్బతిన్నవాళ్లనూ ఎదురెదురుగా కూర్చోబెట్టే చట్టం రావాలి, అందుకు నేనే సాక్ష్యం అని, ఆ అర్జీ మీద మొదటి సంతకం నాదే ఉండాలట, నా భార్య పురీటా ఊరుకుంటుందా, వెళ్లు వెళ్లు, క్షమ కిలో ఎంతో కనుక్కుని రా, తరుగు తియ్యడం మరిచిపోకు అంది, అది అన్నట్టే అయింది, పొద్దున గుండ్రంగా కుర్చీలు వేశారు, మధ్యలో కొవ్వొత్తి, డెల్ఫిన్ కాగితం చూసి చదివాడు, నా వల్ల కలిగిన హానికి చింతిస్తున్నాను, నేను నా కాగితం చూసి చదివాను, ప్రభువు నేర్పినట్టు క్షమిస్తున్నాను, నా ప్రశ్న ఎత్తబోతే సిస్టర్ మెల్లగా, అది తర్వాత, ముందు ప్రార్థన అంది, చేతులు కలిపాం, ఎవరో ఫొటో తీశారు, నా చేతులకూ వాసన లేదు, ఆ మాటలకూ లేదు, సంతకం రేపు పెడతానని తప్పించుకున్నాను, ఆ రేపు వచ్చేదాకా ఇక్కడే ఉంచేట్టున్నారు.

లెక్క మళ్లీ మొదలు, గార్డు వేలు చూపుకుంటూ వరస చివరిదాకా పోయి, సార్, ఒకడు ఎక్కువొస్తున్నాడు అని అరుస్తాడు, ఆ ఎక్కువైనవాణ్ణి నేనే బాబూ అని చెయ్యెత్తితే, కూర్చో, లెక్క చెడగొట్టకు అంటాడు, ఎక్కువైనవాణ్ణి ఇంటికి పంపండి సార్, నేను రెడీ అని వెనకనుంచి ఎవడో, అందరూ ఒకటే నవ్వు, నాకు ఒళ్లు మండిపోతోంది, నా పక్కకు జరిగి కూర్చున్నది డెల్ఫినే, ఇప్పుడు వాడి చేతిలో కాగితం లేదు, సగం బన్ను ఉంది, తిను అన్నా, మూడోసారి లెక్క తేలేదాకా కదలనివ్వరు, ఇక్కడింతే అన్నాడు, తీసుకున్నాను, ఆకలి మరి, కాసేపటికి, వానాకాలం వేళ్లు లాగుతాయా అన్నా అని అడిగాడు, జడ్జి అడగలేదు, వకీలు అడగలేదు, సిస్టర్ అడగలేదు, అడగడానికి వీడే దొరికాడా, లాగుతాయిరా, లాగక, నీకు దారి ఇచ్చానుగా, ఎందుకు పొడిచావు అన్నాను, అందరూ తిరిగి చూశారు, వాడు నేలమీది తెల్లగీతను గోటితో గీకుతూ, నువ్వు దొంగా అని అరిచి ఉంటే పరిగెత్తేవాణ్ణి అన్నా, నువ్వేమో డెల్ఫిన్, అన్నం తిన్నావురా అన్నావు, రోజూ అడిగినట్టే, నా చేతుల్లో నీ కాటా ఉంది, మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు, ఆ గొంతు ఆగిపోతే చాలనిపించింది, బల్లమీద కత్తి కనబడింది, అంతే అన్నా, అన్నాడు.

అన్నం తిన్నావా అన్నానా, అన్నానేమో, వచ్చిన ప్రతివాణ్ణీ అడిగేదే కదా, పోలీసు కాగితంలో ముద్దాయిని గుర్తుపట్టి కేక వేశాను అని ఉంది, ఇరవై రెండు వాయిదాలు ఆ కాగితాన్నే మోసుకుతిరిగి నేనూ అదే నిజమనుకున్నాను, దారి ఇచ్చింది గుర్తుంది, అన్న మాట గుర్తులేదు, అదిగో సిస్టర్ చెమటలు కక్కుతూ కాగితం ఊపుతూ వస్తోంది, ఎక్కువైనవాడు దొరికాడు సార్ అని గార్డు సంబరం, లేస్తుంటే మోకాళ్లు పట్టేశాయి, డెల్ఫిన్ నా మోచెయ్యి పట్టి లేపాడు, క్షమించానో లేదో నాకింకా తెలియదు, ఆదివారం ఆ మాట అనను, అనమంటే మైకు వదిలి దిగిపోతాను, ఇద్దర్నీ కాగితాలు లాక్కుని ఒకచోట కూర్చోబెట్టండి, ఫొటోలు వద్దు, ప్రార్థన తర్వాత, అని మాత్రం చెబుతాను, ఆ చట్టమే అయితే సంతకం మొదట నాదే పెట్టుకోండి, గేటు దాకా పోయి వెనక్కి తిరిగి, ఇంతకీ తిన్నావురా ఆ రోజు అని అరిచాను, నాలుగు కాయలు పోయాయి, ముద్ర పోయింది, ఒక పూట బేరం పోయింది, వచ్చింది ఇదొక్కటి, పసుపు చొక్కాల మధ్యనుంచి, లేదన్నా, తినలేదు.