వంకర కాజాలు

ఆ వీధిలో అందరికీ ఆమె వదినే. కొట్లో ఆడపడుచు పొద్దస్తమానం వదినా వదినా అని పిలుస్తుంటే విని విని, కొలతలివ్వడానికి వచ్చే ముసలాయన కూడా అలాగే పిలవడం మొదలుపెట్టాడు. బేరం తెచ్చే పేరు, పోనీలే అని ఆమె ఊరుకుంది.

ఇద్దరూ కలిసి కోట్లు కుడతారు. కత్తిరింపు, మిషను పని ఆడపడుచువి. చేతికుట్టు, ముఖ్యంగా కాజాలు, వదినవి. గుండీ దూరే ఆ చిన్న చీలిక చుట్టూ ముడి పక్కన ముడి ఒత్తుగా వేసుకుంటూ పోవాలి. ఒక్క ముడి వదులైనా కాజా నోరు తెరుస్తుంది. బజార్లో మిషను కాజాలు చిటికెలో వేసి ఇస్తున్నా, జనం వెతుక్కుంటూ ఈ కొట్టుకు వచ్చేది వదిన చేతి కాజాల కోసమే.

రొమ్ములో గడ్డ బయటపడ్డాక ఆ చెయ్యి ఆగింది. ఆపరేషను, మందు ఎక్కించడాలు, కరెంటు పెట్టడాలు అన్నీ అయ్యాక డాక్టరమ్మ, జబ్బు తిరగబెట్టకుండా రోజుకో మాత్ర ఐదేళ్ళు మింగాలని చెప్పింది. భర్త ఆ సాయంత్రమే చుట్టాలందరికీ ఫోన్లు చేసి గండం గట్టెక్కిందన్నాడు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. వదినా పీల్చుకుంది.

మాత్ర మొదలుపెట్టిన కొన్నాళ్ళకు నొప్పులు వచ్చాయి. పొద్దున్నే లేచేసరికి వేళ్ళు పిడికిట్లో బిగుసుకుపోయి ఉండేవి. ఒక్కో వేలినీ రెండో చేత్తో పట్టి తెరవాలి. ఆ రెండో చెయ్యీ అలాగే ఉండేది. మంచం దిగితే పాదాలు తనవి కానట్టు ఉండేవి. మెట్లు పక్కకు తిరిగి దిగేది. కాసేపు కూర్చుంటే చాలు, మోకాళ్ళు పట్టేసేవి. బల్ల మీద రెండు చేతులూ ఆనించి, కాసేపు ఆగి, అప్పుడు లేవాలి. వేడినీళ్ళ గిన్నెలో చేతులు ముంచుకుని కూర్చుంటే సూది పట్టేపాటి వీలు చిక్కేది. ఇంతా చేసి కుట్టిన కాజా వంకరగా వచ్చేది.

ఎవరికీ చెప్పలేదు. ఆసుపత్రికి వెళ్ళినప్పుడల్లా డాక్టరమ్మ ఎలా ఉన్నావంటే, బాగానే ఉన్నానండీ అనేది. బయట బెంచీల మీద తలగుడ్డలు చుట్టుకున్న ఆడవాళ్ళు వరసగా కూర్చుని ఉంటే, లోపల బొటనవేలు నొప్పి అని చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు.

ఒకరోజు పెళ్ళిళ్ళ బ్యాండు మేస్త్రీ తన కోటు వెనక్కి తెచ్చాడు. కాజా దారం ఊడిపోయి, నలుగురిలో గుండీ జారిందట. పెద్దమనిషి కోటు బల్ల మీద పెట్టి తల గోక్కున్నాడు. అయినా తన బృందం మొత్తానికీ కొత్త కోట్లు కావాలన్నాడు. ఆ కొట్టుకు బట్ట తిరిగి రావడం అదే మొదలు. ఆ రాత్రి వదిన మాత్ర వేసుకోలేదు. ఈ కోట్లు అయ్యేదాకానే అనుకుంది.

రోజులు గడిచేకొద్దీ వేళ్ళు వదులయ్యాయి. ముడి చెప్పిన చోట కూర్చుంది. మెట్లు ఎదురుగానే దిగింది. కోట్లు అయిపోవచ్చాయి, మాత్ర మాత్రం మళ్ళీ మొదలవలేదు. రేపటి నుంచి అనుకునేది. పొద్దున పిడికిలి దానంతట అదే తెరుచుకుంటుంటే, ఆ రేపు రానిద్దాంలే అనిపించేది. పడుకున్నాక మాత్రం ఆపరేషను చేసిన చోటికి చెయ్యి పోయేది. అక్కడ ఏముందో వెతికేది.

కోట్లు ఇస్త్రీ చేస్తున్న ఆడపడుచు ఒక కాజా మీద బొటనవేలితో రుద్ది చూసింది. ఇంకొకటి చూసింది. ఇస్త్రీపెట్టె పక్కన పెట్టింది. వెళ్ళి షట్టరు సగానికి దించి వచ్చింది.

"మాత్ర మానేశావు కదా వదినా?"

వదిన దారం కొరుకుతూ ఆగిపోయింది. "ఎవరు చెప్పారు?"

"నీ కాజాలే చెప్పాయి. మొన్నటిదాకా ఎలక కొరికినట్టుండేవి. అవి చూస్తే నాకు ధైర్యంగా ఉండేది, మందు లోపల పని చేస్తోందిలే అని. ఇవాళ ఇంత అందంగా ఉంటే భయమేసింది."

అంటే ఆడపడుచుకు అంతా తెలుసు. ఆ మాత్రతో కీళ్ళు పట్టేస్తాయని ఆసుపత్రి బెంచీ మీద పక్కావిడ దగ్గర ఎప్పుడో వినిందట. వదిన చెప్పకపోతే తను అడగడం బాగోదని ఊరుకుందట. ఒకే బల్ల దగ్గర కూర్చుని ఇద్దరూ ఒకే సంగతి దాచుకున్నారు.

"జబ్బున్నప్పుడు అందరూ చూడ్డానికొచ్చారు," అంది వదిన. "తగ్గాక నొప్పులంటే ఎవరికి చెప్పను? బతికావుగా, ఇంకేం కావాలంటారు."

"నేనన్నానా?"

"నువ్వనలేదు. నాకు నేనే అనుకున్నా. అలసిపోయానమ్మా. కాజాలు కూడా పోతే ఈ కొట్లో నేనెందుకు, బొమ్మలాగా."

ఆడపడుచు కోటు మడత పెట్టింది, విప్పింది, మళ్ళీ పెట్టింది. "జుట్టూడినప్పుడు నీ తల నేనే తుడిచాను. మళ్ళీ తుడవమంటే నా వల్ల కాదు వదినా."

మర్నాడు ఇద్దరూ ఆసుపత్రికి వెళ్ళారు. వదిన బాగానే అని మొదలుపెట్టేలోపు ఆడపడుచు మొత్తం చెప్పేసింది. డాక్టరమ్మ కోప్పడలేదు. ఈ నొప్పులు చాలామందికి వస్తాయని, వాళ్ళలో కొందరు ఇలాగే చెప్పకుండా మానేస్తారని అంది. అదే పని చేసే వేరే మాత్ర రాసింది. రోజూ నడవమంది, వేళ్ళకు వ్యాయామం చూపించింది. తగ్గుతాయా అని వదిన అడిగితే, తగ్గొచ్చు, కొందరికి తగ్గవు, కానీ ఈసారి మానేయాలనిపిస్తే ముందు నాకు చెప్పు అంది. ఆ మాట వదినకు నచ్చింది. ఊరికే ధైర్యం చెప్పే మాటలు విని విని ఉంది.

కొత్త మాత్రతో పిడికిలి మళ్ళీ బిగిసింది. ముందుకన్నా కాస్త నయమో, అలవాటైందో ఆమె తేల్చుకోలేకపోయింది. కాజాల బల్ల దగ్గర ఇప్పుడు ఆడపడుచు కూర్చుంటోంది. వదిన పక్కనే వేడినీళ్ళలో చేతులు పెట్టుకుని ముడి ముడీ చూస్తుంది.

"విప్పు."

"మళ్ళీనా?"

"కాజాలా ఉందా అది? కోటుకు పుండులా ఉంది. విప్పు."

నెలాఖరున బ్యాండు మేస్త్రీ ఇంకో కోటు తీసుకోవడానికి వచ్చాడు. కాజాల మీద వేలు పెట్టి అనుమానంగా చూశాడు. ఆడపడుచు తడుముకోలేదు. గట్టిగా ఊదండి అన్నగారూ, గుండీలకేసి ఎవడు చూస్తాడు అంది. మేస్త్రీ నవ్వాడు. వదినా నవ్వింది, కానీ కోటు చెయ్యి దాటనివ్వలేదు. మూడో కాజా సరిగ్గా లేదని, రేపు రమ్మని చెప్పింది.

అతను మెట్ల దాకా వెళ్ళి, లోపలికి తిరిగి, బృందంలో కొత్త కుర్రాడి కొలతలు తీసుకోవాలి, టేపు ఒకటి ఇస్తారా అని అడిగాడు. టేపు వదిన వెనక మేకుకు వేలాడుతోంది. వదిన నీళ్ళలోంచి చేతులు తీసి తుడుచుకుంది. బల్ల మీద ఆనించింది.

"ఉండండి," అంది. "లేవడానికి నాకు కాస్త టైము పడుతుంది."

ఆ మాట బయటివాళ్ళతో అనడం అదే మొదలు. మేస్త్రీ, పర్లేదు వదినా అంటూ గుమ్మంలో నిలబడ్డాడు. ఆమె నిదానంగా లేచింది.