రాజుగారికి మతి తప్పింది

ఆమెను అందరూ గీతలమ్మ అనేవారు. బడిపిల్లల అట్లాసులకు పటాలు గీసే చిన్న సంస్థలో ఆమె ఉద్యోగం. నది వంపు గీసినా, సరిహద్దు గీసినా ఆమె చెయ్యి వణికేది కాదు. మనిషి మాత్రం మహా పిరికిది. వీధిలో పోలీసు ఈల వినిపిస్తే తానేం తప్పు చేసిందో గుర్తుచేసుకునే రకం. పెళ్లి చేసుకోలేదు. తల్లీ, తమ్ముడూ, తనూ ఒక మేడ మీద రెండు గదుల్లో ఉండేవారు.

తమ్ముడు హైస్కూల్లో చరిత్ర చెప్పేవాడు. వాడి నోటికి అడ్డూ ఆపూ లేదు. బస్సులో పక్కన కూర్చున్నవాడితో కూడా ప్రభుత్వం సంగతులు మాట్లాడేసేవాడు. ఇంటికొచ్చాక అక్క తలుపు గడియపెట్టి మరీ తిట్టేది. వాడు నవ్వి ఊరుకునేవాడు.

ఆ ఏడాది వాళ్లిద్దరూ కలిసి అట్ట మీద ఆడే ఆట ఒకటి తయారుచేశారు. కొన్ని వందల ఏళ్ల కిందట ఇంగ్లాండు సింహాసనం కోసం ఎర్రగులాబీ వాళ్లనీ తెల్లగులాబీ వాళ్లనీ రెండు రాజవంశాలు కొట్టుకు చచ్చాయి కదా, ఆ గొడవే ఆట. ఇందులో రాజుగా ఎవరూ ఆడరు. ఆడేవాళ్లంతా కోటలూ సైన్యాలూ ఉన్న ప్రభువులు. రాజూ, రాజు కావలసినవాళ్లూ ఉత్త చెక్కబొమ్మలు. ఆ బొమ్మను పట్టి తెచ్చి తన కోటలో కూర్చోబెట్టుకున్నవాడిదే పెత్తనం. ఈ విడతలో చెయ్యి కలిపినవాడు వచ్చే విడతలో వెన్నుపోటు పొడుస్తాడు. చివరికి కిరీటమున్న బొమ్మ ఒక్కటే మిగలాలి. అది ఎవరి దగ్గరుంటే వాళ్లు గెలిచినట్టు. పటం అక్క గీసింది. విడత విడతకూ ఎత్తి పైకి చదవాల్సిన కార్డులు తమ్ముడు రాశాడు. తెలిసిన ప్రెస్సులో అచ్చు వేయించి పుస్తకాల షాపుల్లో పెడితే, వాళ్లే నమ్మలేనంత బాగా అమ్ముడుపోయాయి. పెట్టె మీద ఇద్దరి పేర్లూ పక్కపక్కన చూసుకుని తల్లి మురిసిపోయింది.

సరిగ్గా ఆ చలికాలంలోనే దేశాన్నేలే పెద్దాయన జనానికి కనిపించడం మానేశాడు. పత్రికల్లో ఆయన సంతకంతో ఉత్తర్వులు వస్తూనే ఉన్నాయి, మనిషి మాత్రం ఎక్కడా లేడు. ఒంట్లో బాగాలేదని కొందరూ, కట్టుకున్నదాన్ని కూడా గుర్తుపట్టడం లేదని కొందరూ గుసగుసలాడుకునేవారు. అలా గుసగుసలాడినవాళ్లలో ఒకరిద్దరు తర్వాత ఎవరి కంటా పడలేదు. గీతలమ్మ ఆ మాటలు వినిపించే చోట నిలబడేది కూడా కాదు.

ఒక ఉదయం ఆమె బల్ల మీదికి వంగి నదీపాయ ఒకటి గీస్తూండగా ఇద్దరు మనుషులు లోపలికి వచ్చారు. మర్యాదస్తుల్లాగే ఉన్నారు, గుమ్మం దగ్గర బూట్లు తుడుచుకుని మరీ వచ్చారు. ప్రచురణల తనిఖీ కార్యాలయంలో అధికారిగారు ఒకసారి మాట్లాడాలంటున్నారని చెప్పారు. యజమాని తలెత్తి చూసి, వెంటనే దించుకుని, పెన్సిలు చెక్కడం మొదలుపెట్టాడు. అప్పటికే చెక్కి ఉన్న పెన్సిలది. తమ్ముడికి ఫోన్ చేసి వస్తానంది. తర్వాత చేసుకోవచ్చులెండి అన్నాడు వాళ్లలో పెద్దవాడు, ఎంతో మెత్తగా. ఆ మెత్తదనానికే ఆమెకు ముచ్చెమటలు పట్టాయి.

ఆ కార్యాలయంలో ఆమెను పొడుగాటి వసారాలో ఒక బెంచీ మీద కూర్చోబెట్టారు. ఫోను తీసుకున్నారు. పక్క గదిలో టైపు మిషను చప్పుడు ఉండుండి ఆగుతోంది. ఆగినప్పుడల్లా తన పేరే కొడుతున్నారేమో అనిపించింది. తమ్ముణ్ణి ముందే తీసుకొచ్చారా, ఇదే వసారాలో ఏదో ఒక తలుపు వెనక ఉన్నాడా? ఎవరైనా గట్టిగా మాట్లాడితే వాడి గొంతేమోనని చెవులు రిక్కించింది. తల్లికి మధ్యాహ్నం మందు వేసేవాళ్లు లేరని గుర్తొచ్చి కళ్లనీళ్లు తిరిగాయి. ఏడిస్తే తప్పు చేసినట్టు కనబడుతుందని పమిట కొంగుతో ముక్కు తుడుచుకుని, జలుబు చేసినదానిలా నటించింది.

అధికారికి మాత్రం నిజంగానే జలుబు. మెడకు మఫ్లరు చుట్టుకుని, గ్లాసులో వేడినీళ్లు ఊదుకుంటూ తాగుతున్నాడు. బల్ల మీద ఆట పరిచి ఉంది. ఒక కార్డు మాత్రం విడిగా, బోర్లా పెట్టి ఉంది.

"కూర్చోండమ్మా. పటం మీరే గీశారట కదా. ముచ్చటగా ఉంది" అన్నాడు. తర్వాత ఆ కార్డును వేలితో ఆమె వైపు నెట్టాడు.

తిప్పి చూడకముందే అదేదో ఆమెకు తెలిసిపోయింది. 'రాజుగారికి మతి తప్పింది. ఆయన మళ్లీ మనిషయ్యేదాకా, ఆయన పేరుతో ఎవరు సంతకం పెడితే వాళ్లదే రాజ్యం.' అది రాసిన సాయంత్రం తమ్ముడు తనలో తనే నవ్వుకోవడం ఆమె చూసింది. ఎందుకురా అని అడగలేదు. అడగాల్సింది.

"ఇది రాసిందెవరు?"

ఆమె చేతులు ఒళ్లో దాచుకుంది. "నేనేనండీ" అంది.

పెట్టె మీద ఇద్దరి పేర్లూ ఉన్నాయే అన్నాడాయన. తమ్ముడి ముచ్చట తీర్చడానికి వాడి పేరు కూడా వేయించాననీ, పనంతా తనదేననీ చెప్పింది. తన గొంతు తనకే ఎవరిదోలా వినిపించింది. ఎక్కడ చూసి రాశారని అడిగితే, ఆ కాలంలో నిజంగానే అలాంటి రాజు ఉన్నాడని చెప్పింది. ఉన్నట్టుండి మాటాపలుకూ పోయి కూర్చుండిపోయాడట, పుట్టిన కొడుకుని తెచ్చి ఎదురుగా పెట్టినా కళ్లెత్తి చూడలేదట. తమ్ముడు అన్నం తింటూ చెప్పిన ముచ్చటే అది. ఆ పూట విసుక్కుంటూ విన్నది ఇవాళ అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పింది.

అధికారి వేడినీళ్లు ఒక గుక్క తాగాడు. చదివితే అర్థం కావడం లేదు, ఆడి చూద్దాం అన్నాడు. బెల్లు కొట్టి అసిస్టెంటునీ, టైపిస్టునీ పిలిచాడు. అసిస్టెంటు నున్నగా దువ్విన తలతో, సారు ఏమనకముందే తల ఊపే మనిషి. టైపిస్టు నడివయసు ఆవిడ, మెడలో గొలుసుకు కళ్లజోడు వేలాడుతోంది. అధికారి ఆ కార్డును మిగతా వాటిలో కలిపి తానే పేర్చాడు.

గీతలమ్మకు గెలవాలని లేదు, ఓడిపోవాలని కూడా లేదు. ఓడిపోతే కావాలని ఓడిందంటారేమో, గెలిస్తే ఇంకేమంటారో. కోటలు ఎలా పట్టాలో చెప్పుకుపోయింది. మొదట్లో అసిస్టెంటు ప్రతి విడతా సారుకే సైన్యం అరువిచ్చాడు. కాసేపటికి వాడికి ఆట వంటబట్టింది. సారు కోటలో కాపలా పలచబడ్డ అదను చూసి, టైపిస్టుతో చెయ్యి కలిపి, రాజు బొమ్మను ఎత్తుకుపోయి తన కోటలో పెట్టుకున్నాడు. పెట్టుకున్నాక గాని తను ఎవరి రాజును ఎత్తుకొచ్చాడో వాడి బుర్రకెక్కలేదు.

"బాగా ఆడావు" అన్నాడు అధికారి. ఎవరూ నవ్వలేదు.

తర్వాత కార్డు ఎత్తాల్సింది అసిస్టెంటే. ఎత్తాడు, చూశాడు. వాడి ముఖంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. గబుక్కున ఆ కార్డును కట్ట అడుక్కి తోసేశాడు.

"ఏంటది?"

"ఏం లేదు సార్. మామూలు కార్డే."

"మామూలుదైతే పైకి చదవొచ్చుగా."

గొంతు బాగాలేదన్నాడు వాడు. అధికారి అడుగునుంచి కార్డు లాగి టైపిస్టుకిచ్చాడు. ఆవిడ మెడలో వేలాడుతున్న కళ్లజోడును అరచేత్తో కప్పుకుని, కళ్లజోడు ఇంట్లో మర్చిపోయానండీ అంది. అధికారి కార్డును తన కళ్లముందు పెట్టుకున్నాడు. పెదవులు కదిలాయి గాని మాట బయటికి రాలేదు. గీతలమ్మకు అప్పుడు ఒక సంగతి తట్టింది. ఆ మాట తన నోటితో అనడానికి ఈ గదిలో ఆయనకు కూడా భయమే. అది తెలిసి ధైర్యం రాలేదు సరికదా, ఇంకా వణుకొచ్చింది. భయపడ్డవాడు ఏమైనా చేస్తాడు.

ఆయన కార్డును ఆమెకిచ్చాడు. ఆమె చదివింది. చివరి మాట దగ్గర ఆగి, మళ్లీ మొదటినుంచి చదివింది.

అధికారి అసిస్టెంటు వైపు తిరిగాడు. "ఇంగ్లాండు రాజు ముచ్చట ఇది. దాచిపెట్టాల్సిందేముంది ఇందులో? నీకెవరు గుర్తొచ్చారు?"

అసిస్టెంటు నుదుటి చెమట కనుబొమల మీదికి దిగింది. ఆమె కోసం సిద్ధం చేసిపెట్టిన ప్రశ్న జారి వాడి మీద పడిందని గీతలమ్మకు అర్థమైంది. ఊరుకుంటే తను బయటపడొచ్చు. నోరు మెదపకుండా బతకడం ఆమెకు చిన్నప్పటినుంచీ అలవాటే. కాని వాడు సారును చూడకుండా ఆమెనే చూస్తున్నాడు, నీళ్లలో కొట్టుకుపోతున్నవాడు గట్టు మీది మనిషిని చూసినట్టు.

"ఆ కార్డు వస్తే ఆయనకే నష్టమండీ" అంది, తను మాట్లాడుతున్నట్టు తనకే తెలియకుండా. "రాజు ఆయన కోటలో ఉన్నాడు. కార్డు చదివితే బొమ్మ దగ్గరున్నా పెత్తనం చేజారిపోతుంది. అందుకే అడుక్కి తోసుంటారు. ఆడేవాళ్లందరూ అదే చేస్తారండీ. మా ఇంట్లో కూడా."

అధికారి ఆమెను చూశాడు, బొమ్మను చూశాడు, అసిస్టెంటును చూశాడు. "అంటే దొంగాట ఆడాడన్నమాట" అన్నాడు.

"అవును సార్. దొంగాటే సార్" అన్నాడు అసిస్టెంటు, వరం దొరికినవాడిలా. టైపిస్టు అవసరానికి మించి నవ్వింది.

అధికారి వాళ్లిద్దర్నీ పంపేశాడు. మఫ్లరు సర్దుకుని, వేడినీళ్ల గ్లాసు దూరంగా జరిపి, గొంతు తగ్గించాడు. "ఇందులో ఎవరి పోలికా లేదని పైవాళ్లకి రాసి పంపిస్తాను. ఇంకోలా రాయాలంటే ఈ రాజు ఎవరిలా ఉన్నాడో నా చేత్తో నేనే రాయాలి. మళ్లీ అచ్చు వేయకండి." ఆమె లేచి తలుపు దాకా వెళ్లాక వెనకనుంచి అన్నాడు: "కార్డులు చక్కగా రాశాడని మీ తమ్ముడికి చెప్పండమ్మా."

మెట్లు ఎలా దిగిందో ఆమెకు తెలియదు. ఫోను తిరిగిచ్చారు గాని, ఎవరో వింటున్నారనిపించి వాడలేదు. ఎవరైనా వెంట వస్తున్నారేమోనని తిన్నగా పోకుండా సందులు తిరిగి తిరిగి, సాయంత్రానికి ఇల్లు చేరింది. తమ్ముడు తల్లి పక్కన కూర్చుని మందు వేస్తున్నాడు. వాణ్ణి చూడగానే ఆమె గోడకు జారగిలబడి నేల మీద కూర్చుండిపోయింది. తల్లి నిద్రపోయాక జరిగిందంతా చెప్పింది.

"నేనే రాశానన్నాను. ఉత్త చరిత్రేనని చెప్పాను. నిజం చెప్పరా, ఉత్త చరిత్రేనా?"

"పుస్తకంలో ఉన్నదే అక్కా. కానీ ఎన్నో సంగతులున్న పుస్తకంలోంచి అదే ఎందుకు ఏరానంటే..." అని ఆగిపోయాడు. "ఆయన గుర్తొచ్చే ఏరాను."

ఆమె వాణ్ణి చెంప మీద కొట్టింది. పుట్టి బుద్ధెరిగాక వాడి మీద చెయ్యెత్తడం అదే మొదలు. ఆ కార్యాలయంలో ఆమె వణికింది నిజమే గాని, తప్పు చేయలేదన్న నమ్మకం ఏ మూలో ఉండేది. ఇప్పుడు ఆ నమ్మకమూ పోయింది. వాడు చెంప పట్టుకుని, తప్పు నీ నెత్తినెందుకు వేసుకున్నావు, రేపు నేనే వెళ్లి చెప్పేస్తాను అన్నాడు. వెళ్తే ఇద్దరికీ ఉరే, ఒకరికి అబద్ధమాడినందుకు, ఒకరికి నిజం రాసినందుకు అంది ఆమె. మర్నాడు తెల్లారగానే వాణ్ణి బస్సెక్కించి పిన్ని వాళ్ల ఊరికి పంపేసింది. బళ్లో కామెర్లని చెప్పింది.

ఆ తర్వాత మెట్ల మీద బూట్ల చప్పుడైతే చాలు, ఆమె ప్రాణం గిలగిల్లాడేది. పాలవాడొచ్చినా అంతే. తల్లి కొడుకు గురించి అడిగితే, పరీక్ష పేపర్లు దిద్దడానికి వెళ్లాడని చెప్పింది. తల్లి నమ్మినట్టే ఊరుకుంది. షాపుల్లోంచి ఆట పెట్టెలు ఒక్కొక్కటే మాయమయ్యాయి. అధికారి మళ్లీ కబురు పెట్టలేదు.

ఎండలు ముదిరాక పెద్దాయన పోయాడని రేడియోలో చెప్పారు. ఎన్నాళ్లుగానో మంచానికే అంటుకుపోయాడనీ, మనుషుల్ని ఎరగడం లేదనీ, ఆ సంతకాలు ఆయనవి కావనీ కొత్తగా వచ్చినవాళ్లు ప్రకటించారు. జనం వీధుల్లోకి వచ్చి ఆ మాటే పైకి అనుకుంటూంటే గీతలమ్మ కిటికీ రెక్కలు మూసేసింది. తమ్ముడు తిరిగొచ్చాడు, చిక్కి సగమయ్యాడు. ప్రెస్సాయన ఇప్పుడైతే భయం లేదు, ఆట మళ్లీ అచ్చు వేద్దామా అని అడిగించాడు. ఈ కొత్తవాళ్ల సంగతేంటో ఎవరికి తెలుసు అనుకుంది ఆమె. ఆలోచించి చెప్తామంది. ఇంకా చెప్పలేదు.